“అక్కడ ఏమీ లేదు సార్!”: పిల్లలతో పాత కట్టడాలు చూడటం ఎలా?



సెలవుల తర్వాత స్కూలు తెరిచిన మొదటి సోషల్ పీరియడ్‌లో నేను పిల్లల్ని అడిగే ప్రశ్న ఒకటే: “ఎక్కడెక్కడికి వెళ్లొచ్చారు?” చేతులు గబగబా లేస్తాయి. ఊళ్ల పేర్లు చెబుతారు, తిన్నవి చెబుతారు, హోటల్లో స్విమ్మింగ్ పూల్ ఉందో లేదో చెబుతారు. “మరి ఏం చూశారు?” అంటే మాత్రం “బాగుంది సార్” దగ్గర మాట ఆగిపోతుంది.

ఈసారి ఏడో తరగతి అబ్బాయి ఒకడు దాపరికం లేకుండా చెప్పాడు: “ఓరుగల్లు కోటకు వెళ్లాం సార్. అక్కడ ఏమీ లేదు. అన్నీ విరిగిపోయిన రాళ్లే.” క్లాసంతా నవ్వింది. నవ్వులు ఆగాక వాడే మళ్లీ అడిగాడు: “ఎవరు విరగ్గొట్టారు సార్? నాన్నను అడిగితే తర్వాత చెప్తానన్నారు.”

ఈ నెల పాఠం ఆ అబ్బాయి కోసమే, వాళ్ల నాన్నగారి కోసం కూడా. కారు పెట్రోలుకు, హోటల్ గదికి, భోజనాలకు డబ్బు ఖర్చుపెట్టి పిల్లల్ని అంత దూరం తీసుకెళ్తున్నాం. “ఏమీ లేదు” అన్న మాటతో వాళ్లు తిరిగి రాకూడదంటే మనం ఏం చేయాలి? మన రాష్ట్రంలోనే ఉన్న మూడు చోట్లను తీసుకుని మాట్లాడుకుందాం: ఒక శిథిలం, ఒక గుడి, ఒక చర్చి. మూడింటినీ మూడు రకాలుగా చూడాలి.

1. ఓరుగల్లు కోట: లేనిదాన్ని చూడటం

హైదరాబాద్ నుంచి వరంగల్ సుమారు 145 కిలోమీటర్లు. చాలామంది కోటలోకి వెళ్లగానే తోరణం ముందు నిలబడి ఫొటో దిగి, అరగంటలో బయటికి వచ్చేస్తారు. అసలు పాఠం కోట లోపలికి చేరకముందే మొదలవుతుంది.

ఈ కోటకు ఒకదాని చుట్టూ ఒకటిగా గోడలున్నాయి. బయట మట్టిగోడ, దాని లోపల నీటి కందకం, ఆ లోపల రాతిగోడ. రాతిగోడ ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు సుమారు 1.2 కిలోమీటర్లు, మట్టిగోడ సుమారు 2.4 కిలోమీటర్లు. గణపతిదేవుడి కాలంలో (1199–1262) మొదలైన కోట పనిని ఆయన కుమార్తె రుద్రమదేవి కొనసాగించి బలపరిచింది. దారిలో గడ్డి మొలిచిన ఎత్తైన కట్ట కనిపిస్తే కారు ఆపి పిల్లలకు చూపించండి. వాళ్లు దాన్ని చెరువు కట్ట అనుకుంటారు. “మట్టితో కడితే శత్రువు తవ్వేయడా?” అని మీరే అడగండి. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ ఈ కోటను ముట్టడించినప్పటి సంగతులు రాసిన కవి అమీర్ ఖుస్రో, ఈ మట్టిగోడ ఎంత గట్టిదో ప్రత్యేకంగా చెప్పాడు. రాయి ఒక్కటే బలం కాదన్న సంగతి పిల్లలకు అక్కడే తెలుస్తుంది.

కోట మధ్యలో స్వయంభూ శివాలయం ఉండేది. ఇప్పుడు ఆ గుడి లేదు. నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు మాత్రం నిలిచాయి. ఇక్కడ పిల్లలకు ఒక పని చెప్పండి. ఒక తోరణం దగ్గర మొదలుపెట్టి ఎదుటి తోరణం దాకా అడుగులు లెక్కపెడుతూ నడవమనండి. తర్వాత మిగతా రెండు తోరణాల మధ్య కూడా అలాగే నడవమనండి. ఆ నాలుగు తోరణాల మధ్య జాగా అంతా ఒకప్పుడు గుడి ఆవరణే. అడుగులు లెక్కపెట్టిన పిల్లవాడికి ఆ గుడి ఎంత పెద్దదో ఎవరూ చెప్పనక్కర్లేదు, వాడి కాళ్లకే తెలుస్తుంది.

విరిగిన రాళ్ల దగ్గర మరో లాభం ఉంది. నిండుగా నిలిచి ఉన్న గుడిలో కప్పు మీద చెక్కిన తామరపువ్వును చూడాలంటే మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తాలి. ఇక్కడ అదే పువ్వు నేల మీద, మీ అమ్మాయి కళ్ల ముందే ఉంటుంది. స్తంభం ఎన్ని ముక్కలుగా చేసి ఒకదాని మీద ఒకటి పేర్చారో కనిపిస్తుంది. కొన్ని రాళ్ల చివర గుంతలు, బొడిపెలు కనిపిస్తే “ఇది దేనికి?” అని అడగండి. ఆటబొమ్మల ముక్కలు ఒకదానిలో ఒకటి బిగించిన పిల్లలు ఆ జవాబు మనకంటే ముందే చెప్పేస్తారు.

“ఎవరు విరగ్గొట్టారు?”

ఈ ప్రశ్నను దాటవేయకండి. మనం చెప్పకపోతే ఫోన్‌లో ఇంకెవరో చెబుతారు, ఎలా చెబుతారో మన చేతిలో ఉండదు.

జరిగింది జరిగినట్టు చెప్పవచ్చు. 1323లో ఢిల్లీ సుల్తాను గియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్ సైన్యం ఓరుగల్లును పట్టుకుంది. చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. ఈ ఉలుగ్ ఖానే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సుల్తాను అయ్యాడు. ఊరి పేరును సుల్తాన్‌పూర్‌గా మార్చారు. రాజధాని నడిబొడ్డున ఉన్న గుడి ఆ రోజుల్లో రాజు అధికారానికి గుర్తు. రాజు ఓడిపోతే ఆ గుర్తు కూడా పడిపోయేది. మరి తోరణాలు ఎందుకు మిగిలాయి? వాటి మీద ఎక్కువగా ఉన్నవి తామరమొగ్గలు, హారాలు, పక్షులు, కల్పిత జంతువులు. దేవతామూర్తులు ప్రధానంగా లేకపోవడం వల్లే వాటిని ఉంచేశారని కొందరు చరిత్రకారులు అంటారు.

తర్వాత ఆ పక్కనే ఉన్న ఖుష్ మహల్‌కు తీసుకెళ్లండి. లోపలికి వాలినట్టుండే మందపాటి గోడలు, పెద్ద పెద్ద కమానులు. ఇది సుల్తానుల కాలపు శైలి. ఒకే ఆవరణలో కూలిన గుడి, నిలిచిన తోరణం, వేరే రాజ్యం కట్టిన సభామందిరం ఉన్నాయి. ఆ యుద్ధం జరిగి 700 ఏళ్లు దాటింది. అప్పటి రాజుల గొడవకు ఇప్పుడు మీ పిల్లవాడి పక్క బెంచీలో కూర్చున్న వాడు జవాబుదారీ కాదు. ఈ ఒక్క మాటను ఆ రాళ్ల మధ్య నిలబడి చెబితే పిల్లల మనసులో నిలుస్తుంది. ఆ తోరణమే 2014లో తెలంగాణ రాజముద్రలో చార్మినార్‌తో కలిసి చోటు చేసుకుందని కూడా చెప్పండి.

2. రామప్ప గుడి: దగ్గరగా చూడటం

వరంగల్ నుంచి సుమారు 65 కిలోమీటర్ల దూరంలో, ములుగు జిల్లా పాలంపేటలో ఉంది రామప్ప గుడి. దీని అసలు పేరు రుద్రేశ్వరాలయం. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. శాసనంలో ఉన్న కాలం 1213. చెక్కిన శిల్పి పేరు మీదనే రామప్ప గుడి అయిందని జనం చెప్పుకుంటారు. 2021లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. తెలంగాణలో ఆ గుర్తింపు పొందిన మొదటి కట్టడం ఇదే. దారిలో హనుమకొండలో ఆగి 1163 నాటి వేయిస్తంభాల గుడిని కూడా చూస్తే, 50 ఏళ్లలో కాకతీయుల పనితనం ఎలా ఎదిగిందో పోల్చుకోవచ్చు.

ఓరుగల్లులో దూరాలు కొలిచాం. ఇక్కడ అందుకు భిన్నంగా ఒకే చోట ఆగి చూడాలి. గుడి గోడలు ఎరుపు కలిసిన ఇసుకరాయి. లోపలి స్తంభాలు, చూరు కింద ఒరిగి నిలబడిన మదనికలు నల్లరాయి. ఆ నల్లరాయి చాలా గట్టిది, అందుకే నున్నగా మెరుగు పెట్టగలిగారు, అందుకే 800 ఏళ్ల తర్వాత కూడా నగల మీది పూసలు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఒక మదనిక కాలికి ఎత్తుమడమల చెప్పులాంటిది ఉందని గైడ్లు చూపిస్తారు. మీరు చెప్పకుండా “ఈ బొమ్మల్లో ఒకదాని కాళ్ల దగ్గర వింత ఉంది, కనిపెట్టండి” అనండి. పది నిమిషాలు పిల్లల మాట వినిపించదు.

స్తంభాల మీద నాట్యగత్తెలు, మద్దెల వాయించేవాళ్లు ఉన్నారు. మీ ఇంట్లో నాట్యం నేర్చుకునే పిల్లలుంటే ఈ సంగతి తప్పక చెప్పండి. గణపతిదేవుడి దగ్గరే గజసేనాపతిగా ఉన్న జాయప సేనాని నాట్యం మీద ‘నృత్తరత్నావళి’ అనే సంస్కృత గ్రంథం రాశాడు. ఆ గ్రంథాన్నీ, రామప్ప శిల్పాలనూ ఆధారం చేసుకుని ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. ఆగిపోయిన నాట్యం రాతి మీద భద్రంగా ఉండి, శతాబ్దాల తర్వాత మళ్లీ మనుషుల కాళ్లలోకి వచ్చింది.

ఇక సైన్సు ఇష్టపడే పిల్లలకు: గోపురం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికైనవి. ఎలా సాధ్యమని అడుగుతారు. ఇంటికి వచ్చాక వంటింట్లో చూపించండి. పూరీని కాగిన నూనెలో వేయగానే అడుగుకు పోతుంది, లోపల ఆవిరి నిండి పొంగగానే పైకి తేలుతుంది. పిండి అంతే, బరువు పెరగలేదు, చోటు పెరిగింది. ఆ ఇటుకలోనూ సన్నని ఖాళీలు బోలెడు. అందువల్ల గోడల మీద, పునాది మీద బరువు తగ్గింది. ఆ పునాదిలో కూడా ఇసుక నింపారు. భూమి కదిలినప్పుడు ఆ కుదుపును ఇసుక కొంత మింగేస్తుందని ఇంజినీర్లు వివరిస్తారు.

తిరిగి వచ్చేటప్పుడు పక్కనే ఉన్న రామప్ప చెరువును చూడకుండా రాకండి. గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి కాలపు చెరువే అది. గుడి, చెరువు, ఊరు కలిసి కట్టుకోవడం కాకతీయుల పద్ధతి. శిల్పం చూసి ముచ్చటపడే పిల్లలకు, పొలానికి నీళ్లిచ్చేది కూడా వారసత్వమేనని ఆ కట్ట మీద తెలుస్తుంది.

3. మెదక్ చర్చి: వెలుతురును చూడటం

హైదరాబాద్‌కు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న మెదక్ చర్చికి ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. అక్కడ మెట్ల దగ్గర చాలామంది పిల్లలు అడిగే మొదటి ప్రశ్న: “మనం లోపలికి వెళ్లొచ్చా?” వెళ్లవచ్చు. ఒకరి ఇంటికి చుట్టాలుగా వెళ్లినట్టు వెళ్లాలి. గొంతు తగ్గించాలి. ప్రార్థన జరుగుతుంటే ఆగాలి, లేదా వెనక బెంచీలో కదలకుండా కూర్చోవాలి. చెప్పులు, ఫొటోల విషయంలో అక్కడివాళ్లు ఏం చెబితే అది పాటించాలి. క్రైస్తవ కుటుంబాల పిల్లలు రామప్పలో పాటించే మర్యాద కూడా ఇదే. వేరేవాళ్ల పవిత్ర స్థలంలో ఎలా నడుచుకోవాలో పుస్తకం నేర్పలేదు, అమ్మానాన్నల నడక నేర్పుతుంది.

చర్చిని కట్టించినవారు చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఇంగ్లండ్ మిషనరీ. 1914లో పని మొదలై పదేళ్లు నడిచింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. నూరేళ్ల పండుగను 2024లోనే జరుపుకున్నారు. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు.

ఈ అంకెలకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. అవి కరువు రోజులు. ఊరికే తిండి పెట్టకుండా పని ఇచ్చి, ఆ పనికి తిండి పెట్టే పద్ధతిలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో ఈ కట్టడం పైకి లేచింది. మెదక్ ప్రాంతానికి మెతుకుసీమ అని పేరు. మెతుకు లేని రోజుల్లో మెతుకు కోసం రాళ్లు మోసిన ఆడవాళ్ల, మగవాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా వెతకలేం. గోడ మీద చెయ్యి ఆనించి “దీన్ని ఎవరు కట్టారు?” అని పిల్లల్ని అడగండి. గైడ్ చెప్పిన పేరు చెబుతారు. “ఆయన ఒక్కడే కట్టాడా?” అని మళ్లీ అడగండి. ఓరుగల్లుకూ రామప్పకూ ఇదే ప్రశ్న పనికొస్తుంది.

లోపల చూడవలసినవి మూడు రంగుల అద్దాల కిటికీలు: ఏసుక్రీస్తు జననం, సిలువ, ఆరోహణం. ఇంగ్లండ్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ వీటిని రూపొందించాడు. ఇవి గోడకు వేసిన బొమ్మల్లాంటివి కావు. గాజు కరిగించేటప్పుడు లోహాల సమ్మేళనాలు కలిపితే రంగు వస్తుంది. ఉదాహరణకు కోబాల్ట్ నీలం ఇస్తుంది. రంగు గాజు ముక్కల్ని బొమ్మకు తగ్గట్టు కోసి, సీసపు పట్టీలతో ఒకదానికొకటి అతికిస్తారు. బయటి వెలుతురు లోపలికి వస్తేనే బొమ్మ బతుకుతుంది. అందుకే పగటిపూటే వెళ్లాలి, చీకటి పడ్డాక లోపలి నుంచి చూస్తే ఆ రంగులు కనిపించవు. వీలైతే ఒక కిటికీని రాగానే ఒకసారి, వెళ్లేముందు ఒకసారి చూడమనండి. ఎండ మారితే రంగు ఎలా మారిందో పిల్లలే చెబుతారు.

రామప్ప స్తంభం, మెదక్ కిటికీ రెండూ ఒకే పని చేస్తున్నాయని పెద్ద పిల్లలు గమనించగలరు. చదువు రానివాళ్లు కూడా కథ తెలుసుకునేలా ఒకచోట రాయితో చెప్పారు, మరొకచోట వెలుతురుతో చెప్పారు.

ప్రయాణానికి ముందు, అక్కడ, తర్వాత

బయల్దేరే ముందు రోజు రాత్రి ఒక్క కథ చెప్పండి. మొత్తం చరిత్ర అక్కర్లేదు. రుద్రమదేవి గురించో, కరువులో కట్టిన చర్చి గురించో పది నిమిషాలు చాలు.

• రోజుకు రెండు చోట్లకు మించి పెట్టుకోకండి. ఐదు చోట్లు తిప్పితే ఐదూ కలిసిపోతాయి.
• ఎండాకాలంలో ఉదయాన్నే వెళ్లండి. నీళ్లు, టోపీ తప్పనిసరి. రాతి నేల మధ్యాహ్నానికి కాలిపోతుంది.
• ఓరుగల్లు కోట, రామప్ప గుడి కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్నాయి. ఆ శాఖ టిక్కెట్టు పెట్టిన చోట 15 ఏళ్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం.
• ఫోన్ మొదటి పావుగంట మీ జేబులోనే ఉండనివ్వండి. ముందు కళ్లతో చూడాలి, తర్వాతే ఫొటో.
• ఐదో తరగతిలోపు పిల్లలకు వెతికే పని ఇవ్వండి: “ఎన్ని ఏనుగులు కనిపించాయి?” ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు ఒక బొమ్మ గీసే పని ఇవ్వండి. తొమ్మిది, పది వాళ్లకు “ఎందుకు?” అనే ప్రశ్న ఒకటి ఇవ్వండి.
• ఇంటికొచ్చాక తాతయ్యకో, అమ్మమ్మకో ఫోన్ చేసి చూసింది చెప్పమనండి. చెప్పినప్పుడే అది వాళ్లదవుతుంది.

ఒక తప్పు, నాది కూడా

కొన్నేళ్ల కిందట పిల్లల్ని ఒక పాత గుడికి తీసుకెళ్లాను. తిరిగి బస్సెక్కేముందు చూస్తే ఒక స్తంభం మీద తాజాగా గీసిన గీతలు. మా అబ్బాయే, తాళంచెవితో తన పేరు గీశాడు. కోప్పడ్డాను. వాడు బిత్తరపోయి అన్నాడు: “ఇక్కడ అందరి పేర్లూ ఉన్నాయి కదా సార్.” నిజమే, ఆ స్తంభం నిండా పేర్లే. బస్సులో ఎక్కడ వాంతి సంచులున్నాయో, ఎక్కడ భోజనమో అన్నీ చెప్పాను. ఈ ఒక్క మాట మాత్రం బయల్దేరే ముందు చెప్పలేదు.

సంరక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చని చట్టం చెబుతోంది. కానీ పిల్లలకు జైలు భయం కంటే ఈ లెక్క బాగా అర్థమవుతుంది: ఆ రాయి 800 ఏళ్లు నిలిచింది, తాళంచెవి గీత పడటానికి పట్టింది పది సెకన్లు. ఆ గీత ఇక పోదు. దయచేసి ఈ మాటను కారెక్కే ముందే చెప్పండి. చెయ్యి తగిలితే చెమట, నూనె అంటి రాయి నల్లబడుతుందని, శిల్పాల మీదికెక్కి ఫొటోలు దిగకూడదని కూడా చెప్పండి.

ఈ నెల ఇంటిపని

ఇది పిల్లలకే కాదు, మీకు కూడా. ఈ మూడింటిలో ఏదో ఒకచోటుకో, మీ సొంత ఊళ్లో ఉన్న పాత గుడికో, మసీదుకో, చర్చికో, కోటగోడకో, దిగుడుబావికో పిల్లలతో వెళ్లండి. దూరం ముఖ్యం కాదు. తిరిగొచ్చాక ఒక పేజీలో మూడు జవాబులు రాయించండి: ఏం కనిపించింది? ఏం కనిపించలేదు కానీ ఒకప్పుడు ఉండేది? దాన్ని మోసి, చెక్కి, కట్టినవాళ్లు ఎవరై ఉంటారు? పక్కనే పిల్లలు గీసిన బొమ్మ ఒకటి ఉండాలి. ఫొటో అతికిస్తే చెల్లదు. డైరీలో పెట్టి పంపితే క్లాసులో చదివిస్తాం.

“ఏమీ లేదు” అన్న అబ్బాయికి రెండో ప్రశ్న మీద మీ అందరికంటే ముందు పని మొదలైంది. ఎదురెదురు తోరణాల మధ్య ఎన్ని అడుగులో చెప్పమన్నాను. లెక్కపెట్టలేదు సార్ అన్నాడు. ఈసారి వెళ్లినప్పుడు నాన్న ఒకవైపు నుంచి, తను ఒకవైపు నుంచి లెక్కపెడతారట.